ప్లాన్‌లో ఫొటో కాదు, సైడ్ వ్యూ చూడండి

మీరు అడిగింది ఇదీ: కాకినాడలో ఇల్లు, మేడ మీద సాయంత్రాలు కూర్చోడానికి చెక్క కుర్చీ మీ చేత్తో మీరే చేయాలని ఉంది. ముఖ్యంగా నాన్నగారి కోసం. ఆయనకు 70 దాటాయి, మోకాళ్ల నొప్పులు. నెట్‌లో మూడు ప్లాన్లు దించుకున్నారు. ఒకటి అమెరికా వాళ్ల అడిరాండాక్ కుర్చీ (బాగా వెనక్కి వాలి ఉండే ఆరుబయటి కుర్చీ), రెండోది మడత కుర్చీ, మూడోది నాలుగు నిలువు కాళ్ల మీద పలకలు బిగించే మామూలు చేతుల కుర్చీ. ఊళ్లో పాత ఇల్లు విప్పినప్పుడు మిగిలిన టేకు వాసాలు, రెండు ద్వారబంధాలు ఉన్నాయి. చేతిలో డ్రిల్లు, జిగ్‌సా (చిన్న కరెంటు రంపం), సాండర్ (చెక్కను రుద్ది నునుపు చేసేది) ఉన్నాయి. మూడింట్లో ఏది మంచిది?

ముందే చెప్పేస్తాను. నాన్నగారికి మూడోది చేయండి, కానీ ప్లాన్‌లో ఉన్నది ఉన్నట్టు కాదు, మూడు చోట్ల మార్చి. అడిరాండాక్ మీ కోసం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. మడత కుర్చీ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. ఈ మూడు ప్లాన్లే కాదు, రేపు ఇంకో పది ప్లాన్లు కనిపించినా మీరే తేల్చుకోవడానికి పనికొస్తుంది.

నేను వృత్తి వడ్రంగిని కాదు. ఉద్యోగం వేరే. ఇరవై ఏళ్ల పైనుంచి సెలవు రోజుల్లో చెక్కపని చేస్తున్నాను, ఆరుబయట వేసుకునే కుర్చీలు పదమూడో పద్నాలుగో చేశాను. మొదటిది అడిరాండాకే. ఫొటో చూసి పడిపోయాను. వెడల్పాటి చేతులు, విసనకర్రలా విచ్చుకున్న వీపు, వెనక చెరువు. మూడు ఆదివారాలు కష్టపడి చేసి, సంబరంగా మా మావగారిని కూర్చోబెట్టాను. అరగంట హాయిగా కూర్చున్నారు. కాఫీ తాగారు. లేవబోతే లేవలేకపోయారు. నేనూ మా బావమరిదీ చెరో రెక్కా పట్టుకుని లేపాం. ఆయన పంచె సర్దుకుంటూ, "కుర్చీ బాగుందండీ అల్లుడుగారూ, లేపడానికి ఒక మనిషిని కూడా పెట్టండి" అన్నారు. ఆ మాటతో పెద్దవాళ్లకు కుర్చీ ఎలా ఉండాలో నాకు అర్థమైంది. దాన్ని కొలతల్లో పట్టుకోవడానికి ఇంకో రెండు కుర్చీలు పాడు చేసుకోవాల్సి వచ్చింది.

ప్లాన్లు అమ్మేవాళ్లూ, ఊరికే ఇచ్చేవాళ్లూ ముందు పెట్టేది ఫొటో. అది ఎదురుగానో, ఒక మూల నుంచో తీసి ఉంటుంది. కుర్చీ అందం అక్కడ కనిపిస్తుంది, సుఖం కనిపించదు. సుఖం అంతా సైడ్ వ్యూలో ఉంటుంది, అంటే కుర్చీని సరిగ్గా పక్క నుంచి చూసి గీసిన బొమ్మలో. ఆ బొమ్మ లేని ప్లాన్ ఎంత బాగున్నా తీసుకోకండి. ఉంటే అందులో ఐదు విషయాలు వెతకండి: కూర్చునే పలక ముందు అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, వెనక అంచు ఎంత ఎత్తులో ఉంది, ముందు నుంచి వెనక్కి లోతు ఎంత, వీపు ఎంత వాలింది, చేతులు ఎంత ఎత్తులో ఉండి ఎంత ముందుకు వచ్చాయి. పలకల సంఖ్య, వంపులు, పూతలు ఇవన్నీ తర్వాత.

అడిరాండాక్‌లో ముందు అంచు సాధారణంగా 14, 15 అంగుళాల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి 18 అంగుళాలు వెనక్కి వెళ్లేసరికి నాలుగైదు అంగుళాలు దిగిపోతుంది. అంటే మనిషి పిరుదులు నేలకు 10 అంగుళాల ఎత్తులో ఉంటాయి, మోకాళ్లు అంతకంటే పైన ఉంటాయి. వీపు కూడా బాగా వెనక్కి. ఇది తప్పు డిజైన్ కాదు. కాళ్లు చాపుకుని ఆకాశం చూస్తూ గంట గడపడానికి దీన్ని మించింది లేదు. కానీ అందులోంచి లేవాలంటే ఒంటి బరువునంతా ముందుకీ పైకీ విసరాలి, ఆ భారం మోకాళ్ల మీదే పడుతుంది. మీ నాన్నగారికి ఇది కుదరదని చెప్పడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు.

ఈ కుర్చీ పుట్టిన కథ ఒకటి చెప్పాలి, మన పనికి పనికొస్తుంది కాబట్టి. 1903లో న్యూయార్క్ రాష్ట్రంలో, చాంప్లెయిన్ సరస్సు ఒడ్డున వెస్ట్‌పోర్ట్ అనే ఊళ్లో, వేసవి విడిదికి వచ్చిన థామస్ లీ అనే ఆయన ఆరుబయట వేసుకోడానికి కుర్చీ కావాలని రకరకాలుగా చేసి చూశాడు. చేసిన ప్రతిదాంట్లో ఇంట్లోవాళ్లను వరసగా కూర్చోబెట్టి ఎలా ఉందో అడిగేవాడట. చివరికి అందరికీ నచ్చినదాన్ని చలికాలంలో పని లేక ఇబ్బంది పడుతున్న తన స్నేహితుడు, స్థానిక వడ్రంగి హ్యారీ బన్నెల్‌కి చేసి అమ్ముకొమ్మని ఇచ్చాడు. బన్నెల్ లీకి చెప్పకుండా పేటెంట్‌కి దరఖాస్తు పెట్టేశాడు, 1905లో అది తన పేరున వచ్చింది కూడా. స్నేహం సంగతి ఎలా ఉన్నా కుర్చీ నిలబడింది. ఆ తొలి కుర్చీ వీపు ఇప్పుడు చూసే విసనకర్ర పలకలు కాదు, వెడల్పాటి చెక్కలే. సన్న పలకలూ గుండ్రటి తలా తర్వాత వచ్చాయి. నేను చెప్పొచ్చేది, ఆ కొలతలు కాగితం మీద కాదు, మనుషుల ఒంటి మీద తేలాయి. లీ ఇంట్లోవాళ్లకు సరిపోయిన కొలతలు మీ నాన్నగారికి సరిపోవాలని ఏముంది?

కాబట్టి ప్లాన్లు మూసేసి ముందు ఆయన్ను కొలవండి. చెప్పులు వేసుకుని స్టూలు మీద నిటారుగా కూర్చోమనండి. మోకాలి వెనక మడత నుంచి నేలకు ఎంతుందో కొలవండి. కుర్చీ ముందు అంచు ఎత్తు అంతే ఉండాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఇంకో అంగుళం ఎక్కువున్నా ఫరవాలేదు, లేవడం సులువవుతుంది. కానీ అంతకు మించితే తొడల కింద అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. తర్వాత నడుము వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి, అందులోంచి నాలుగు వేళ్ల సందు తీసేయండి. అది లోతు. చాలా అమెరికా ప్లాన్లు ఈ లోతు దగ్గరే మనవాళ్లకు బెడిసికొడతాయి. 20 అంగుళాల లోతు కుర్చీలో మన ఇళ్లల్లో ఆడవాళ్లు కూర్చుంటే వీపు ఆనుకోదు, వీపు ఆనుకుంటే పాదాలు నేలకు ఆనవు. చివరిది, చెయ్యి మడిచినప్పుడు స్టూలు నుంచి మోచేతి దాకా ఎత్తు. మామూలుగా 8, 9 అంగుళాలు ఉంటుంది.

వాలు ఎంత కావాలో కొలవలేం, ప్రయత్నించి చూడాలి. దానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది కదా, అందులో నాన్నగారిని కూర్చోబెట్టి ముందు కాళ్ల కింద అర అంగుళం చొప్పున చెక్క ముక్కలు పెడుతూ పోండి. ఒకచోట "ఆ, ఇలా ఉంచు" అంటారు. ఇంకొక్క ముక్క పెడితే "అబ్బే, మరీ పడుకోబెట్టేశావు" అంటారు. అక్కడ ఆగి, పలక ముందు అంచూ వెనక అంచూ నేల నుంచి ఎంతెంత ఎత్తులో ఉన్నాయో కొలుచుకోండి. ఆ తేడాయే ఆయనకు కావలసిన వాలు. నేను అడిగిన పెద్దవాళ్లలో దాదాపు అందరూ రెండంగుళాల లోపే ఆగారు. అలా పెట్టిన కుర్చీలోంచి ఒకసారి లేవమనండి కూడా. కూర్చోవడం బాగుండి లేవడం బాగోకపోతే ఒక ముక్క తీసేయండి.

ఇప్పుడు మీ రెండో ప్లాన్. మడత కుర్చీ అనగానే మనకు తాతల కాలం నాటి పడక కుర్చీ గుర్తొస్తుంది. గుడ్డ పడక కుర్చీ చాలా తెలివైన వస్తువు. గుడ్డ ఒంటికి తగ్గట్టు వంగుతుంది, వెనక గాడుల్లో వాలు మార్చుకోవచ్చు, వానొస్తే మడిచి లోపల పెట్టేయొచ్చు. చిన్నప్పుడు దాని గుడ్డలో దూర్చిన కర్ర లాగేసి, తెలియక కూర్చున్న పెద్దవాళ్లు చతికిలబడితే పారిపోని పిల్లలు గోదావరి జిల్లాల్లో ఉండరనుకుంటాను. కానీ గుడ్డ మధ్యలో కుంగుతుంది, ముందు కర్ర తొడలకు అడ్డం వస్తుంది. లేవడానికి అడిరాండాక్ కంటే కష్టం. ఇక మీరు దించుకున్నది గుడ్డది కాదు, పలకలతో మడిచేది. దాంట్లో బోల్టు తిరిగే ప్రతి చోటా రంధ్రం సరిగ్గా రావాలి, ఒక్కటి తప్పినా కుర్చీ మెలి తిరుగుతుంది. వేళ్లు నలిగే సందులూ ఎక్కువ. మొదటి పనికి అది వద్దు.

మూడోదానికి వచ్చే ముందు అమెరికా ప్లాన్లలో ఉండే ఒక ఉచ్చు గురించి చెప్పాలి, ఎందుకంటే నేను అందులో పడ్డాను. వాళ్ల ప్లాన్‌లో "ఒకటి బై నాలుగు" అని రాసి ఉంటే అది ఒక అంగుళం మందం, నాలుగు అంగుళాల వెడల్పు కాదు. అది కలపకు పెట్టిన పేరు మాత్రమే. చిత్రిక పట్టాక దాని అసలు కొలత ¾ అంగుళం మందం, 3½ అంగుళాల వెడల్పు. అలాగే "రెండు బై నాలుగు" అంటే నిజానికి 1½, 3½. "ఒకటి బై ఆరు" అంటే ¾, 5½. అక్కడ కొనేవాడికి ఇది అలవాటే, ప్లాన్‌లో ఎవరూ చెప్పరు. నేను అడితికి వెళ్లి ఐదు వీపు పలకలు నిండా నాలుగంగుళాల వెడల్పుతో కోయించుకొచ్చాను. ప్లాన్ ప్రకారం ఐదు పలకలు, మధ్యలో పావంగుళం చొప్పున నాలుగు సందులు కలిపి 18½ అంగుళాలు రావాలి. నావి 21 వచ్చాయి. చేతుల మధ్య ఉన్న జాగా 20. ఐదో పలక చేతిలో పట్టుకుని అటు పెట్టీ ఇటు పెట్టీ చూస్తే, మా పక్కింటాయన గోడ మీంచి "ఒకటి ఎక్కువైందా?" అని అడిగాడు. ఎక్కువైంది పలక కాదు, ప్రతి పలకలోనూ అరంగుళం.

అందుకే ఏ ప్లాన్ చేతికొచ్చినా పని మొదలుపెట్టే ముందు పెన్సిల్ పట్టుకుని ఒక కూడిక వేయండి. కూర్చునే పలకల వెడల్పులు, వాటి మధ్య సందులు అన్నీ కలిపితే పక్క చెక్క పొడవుకు సరిపోతోందా? వీపు పలకలు కలిపితే చేతుల మధ్య పడుతున్నాయా? ముందు అడ్డ చెక్క పొడవుకు రెండు కాళ్ల మందం కలిపితే కుర్చీ మొత్తం వెడల్పు వస్తోందా? ఈ మూడు కూడికలు సరిపోతే, దాన్ని గీసినవాడు నిజంగా ఒక కుర్చీ చేసి చూశాడని నమ్మొచ్చు. సరిపోకపోతే అది కంప్యూటర్‌లో బొమ్మ వేసి వదిలేసినది. ఇంకో గుర్తు కూడా ఉంది. మిల్లీమీటర్లలో 19.05, 88.9 లాంటి కొలతలు కనిపిస్తే ఎవరో అంగుళాల ప్లాన్‌ను యంత్రంలా మార్చేశారని అర్థం. వెన్నులో వంపులున్న ప్లాన్ అయితే అసలు సైజులో గీసిన అచ్చు కాగితం ఇస్తారు. దాన్ని ప్రింట్ తీయించేటప్పుడు షాపువాడు "ఫిట్ టు పేజ్" పెట్టాడంటే మొత్తం రెండు మూడు శాతం కుదించుకుపోతుంది. కాగితం మీద ఉన్న స్కేలు గీతను టేపుతో కొలిచాకే డబ్బులివ్వండి.

ఇక మీ దగ్గరున్న కలప. ప్లాన్ ఎంచుకోవడంలో సగం తీర్పు ఇదే ఇస్తుంది. చాలామంది ప్లాన్ చూసి కలప కొంటారు. మీకు కలప ముందే ఉంది కాబట్టి దానికి తగ్గ ప్లాన్ కావాలి. అడిరాండాక్‌కి ఐదున్నర అంగుళాల వెడల్పు పలకలు కావాలి, ముఖ్యంగా చేతులకీ, వెనక కాలుగా నేల దాకా దిగే పక్క చెక్కకీ. వాసాల్లోంచి అంత వెడల్పు రాదు. రెండు ముక్కలు అంటించి వెడల్పు చేయొచ్చు, కానీ మేడ మీద ఎండకీ వానకీ ఆ అతుకు ఎప్పుడో ఒకప్పుడు విచ్చుకుంటుంది. పైగా ఆ పక్క చెక్క కింద సన్నబడే చోట వంపు కోస్తే కలప ఈనె, అంటే పొడవునా సాగే నార, అడ్డంగా తెగుతుంది. అలా తెగిన చోట బలం ఉండదు. నా రెండో కుర్చీ సరిగ్గా అక్కడే విరిగింది, నేల నుంచి జానెడు ఎత్తులో, బిస్కెట్టు విరిచినట్టు. మీ మూడో ప్లాన్‌లో అన్నీ తిన్నని కర్రలే. ఈనె ఏ చెక్కలో అయినా పొడవునా సాగుతుంది. వాసాలకు అంతకంటే మంచి ప్లాన్ దొరకదు.

ఒక చిన్న అనుమానం. అవి టేకు వాసాలేనా? గోదావరి పల్లెల్లో పాత ఇళ్లకు తాటి వాసాలు కూడా వేసేవారు, కొన్ని ఇళ్లల్లో రెండూ కలిపి ఉంటాయి. ఒక కొస కోసి చూడండి. అడ్డకోతలో నల్లటి చుక్కలు చుక్కలుగా నారలు కనిపిస్తే తాడి. అది దూలానికి ఇనుమే, కానీ పలకగా కోస్తే పేళ్లు లేచి పంచెకీ చీరకీ పట్టుకుంటాయి, తొడల్లో గుచ్చుకుంటాయి. కుర్చీకి పనికిరాదు. టేకు అయితే తేనె రంగులో ఉంటుంది, తాజాగా చిత్రిక పట్టిన చోట తోలు వాసన లాంటిది వస్తుంది. అంచుల్లో తెల్లగా ఉన్న భాగం తీసేసి, చేవ మాత్రమే వాడండి. తెల్ల భాగాన్ని టేకులో కూడా చెద వదలదు.

పాత కలపలో మేకులుంటాయి. కోత మిల్లువాళ్లు అందుకే పాత కలప అంటే మొహం తిప్పుకుంటారు, మేకు తగిలితే బ్లేడు పోతుంది. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం దారానికి కట్టి వాసం వెంట నాలుగు వైపులా నడిపించండి. ఎక్కడ లాగితే అక్కడ సుద్దతో గీసి, మేకు పీకి, అప్పుడు తీసుకెళ్లండి. వాసాలు 3 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల దళసరి ఉంటే ఒక్కో దాన్ని నిలువునా రెండుగా చీల్పించి చిత్రిక పట్టిస్తే ¾ మందం, 2⅝ వెడల్పు పలకలు వస్తాయి. కాళ్లకూ అడ్డ చెక్కలకూ చీల్చకుండా చిత్రిక మాత్రం పట్టించండి. నా లెక్కలో ఎనిమిది అడుగుల వాసాలు ఐదు చాలు, పుచ్చులూ మేకు రంధ్రాలూ కొట్టేసినా. చేతులకు ద్వారబంధం చెక్క వాడండి, నాలుగున్నర అంగుళాల వెడల్పు రానివ్వండి. టీ గ్లాసు కుదురుగా నిలబడాలి కదా.

మూడో ప్లాన్‌లో మార్చాల్సినవి చెబుతాను. మీరు పెట్టిన బొమ్మలో కూర్చునే పలక సమతలంగా, 17 అంగుళాల ఎత్తులో ఉంది. వీపు నిట్టనిలువు. ఇలాంటివి చేయడం తేలిక, అందుకే అలా గీస్తారు. పావుగంట కూర్చుంటే బడి బెంచీ గుర్తొస్తుంది. నాన్నగారి మోకాలి కొలత 17 వచ్చిందనుకుందాం. ముందు అంచు 17½ పెట్టండి. లోతు 17. వెనక అంచును 1¾ అంగుళాలు దించి 15¾ చేయండి. అంటే పక్క అడ్డ చెక్కను వెనక వైపు అంత కిందికి బిగించడమే, కొత్త కోత ఏమీ లేదు. ప్లాస్టిక్ కుర్చీ పరీక్షలో మీకు వేరే అంకె వస్తే అదే వేసుకోండి, నాది ఉదాహరణ మాత్రమే.

వీపుకు డిగ్రీలతో పని లేదు. కోణం కొలిచే పరికరం మీ దగ్గర లేదు, ఉన్నా కొలతలో తప్పు పోవడం సులువు. ప్లాన్లలో "18 డిగ్రీలు" అని రాసి, దేని నుంచి కొలవాలో చెప్పరు. నిలువు నుంచా, కూర్చునే పలక నుంచా? రెండింటికీ చాలా తేడా. దానికి బదులు ఇలా చేయండి. వెనక కాళ్లను కూర్చునే పలక వెనక అంచుకు 2¾ అంగుళాలు ఎడంగా, వెనక్కి నిలబెట్టండి. ఆ రెండు కాళ్ల మధ్య, పలక వెనక అంచు నుంచి 8½ అంగుళాల ఎత్తులో, అంటే చేతులు వచ్చే చోట, ఒక అడ్డ చెక్క బిగించండి. ఇప్పుడు వీపు పలకల కింది కొస కూర్చునే పలక వెనక అంచుకు ఆనుతుంది, మధ్య భాగం ఈ అడ్డ చెక్క మీద వాలుతుంది. వాలు దానంతట అదే నిలువు నుంచి 18 డిగ్రీలు వస్తుంది, కూర్చునే పలకతో కలిసి లోపలి కోణం 102. పెద్దవాళ్లకు పేపరు చదువుకోడానికీ, మాట్లాడుకోడానికీ, కాస్త కునుకు తీయడానికీ సరిపోయే వాలు అది. వెనక కాళ్లు వెనక్కి జరిగాయి కాబట్టి వాలినప్పుడు కుర్చీ వెనక్కి తూలదు. వీపు పలకలు 22 అంగుళాల పొడవు పెట్టండి. తల కూడా ఆనాలంటే 28 దాకా పోనివ్వొచ్చు.

మూడో మార్పు చేతులు. మీ ప్లాన్‌లో అవి పలక ముందు అంచుకు ఇంకా మూడంగుళాలు ఉండగానే ఆగిపోయాయి. చూడ్డానికి నాజూగ్గా ఉంది, కానీ లేచేటప్పుడు మనిషి చేతులు నొక్కేది ముందు కొసల మీదే. ముందు అంచు దాకా రానివ్వండి, ఇంకో అంగుళం ముందుకు వచ్చినా మంచిదే. వాటి కింద ముందు కాలు సూటిగా ఉండాలి, గాల్లో వేలాడకూడదు. కొసను అరచేతికి సరిపడేలా గుండ్రంగా రుద్దండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు కుర్చీలో అన్నిటికంటే ముఖ్యమైన జానెడు అదే.

కూర్చునే పలకలు ఆరు, మధ్యలో పావంగుళం సందు. ఆరు 2⅝లు 15¾, ఐదు సందులు 1¼, కలిపితే సరిగ్గా 17. సందు తగ్గిస్తే వాన నీళ్లు నిలుస్తాయి. ముందు పలక ముందంచును బాగా గుండ్రంగా చిత్రిక పట్టండి, లేకపోతే ఆ అంచు మోకాలి వెనక కోసుకుంటుంది.

అతుకులకు కుసి, బెజ్జం (ఒక చెక్క కొసను నాలుకలా చెక్కి, రెండోదాని రంధ్రంలో దూర్చడం) వేయగలిగితే మంచిదే, కానీ ఉలి అలవాటు లేకుండా మొదటి కుర్చీకి ఆ టెన్షన్ వద్దు. స్క్రూలు, కాళ్ల దగ్గర బోల్టులు చాలు. ఏ స్క్రూలన్నది మాత్రం కాకినాడలో పెద్ద విషయం, ఉప్పు గాలి. జిప్సం పనికి వాడే నల్ల స్క్రూలు అన్ని షాపుల్లోనూ చవగ్గా దొరుకుతాయి, వాటిని ముట్టుకోకండి. టేకులో సగం దిగాక తల తెగిపోతుంది, మిగిలినవి రెండు వానలకు తుప్పు పడతాయి. మామూలు ఇనుప మేకుల చుట్టూ కలప నల్లగా మరకలు కడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో 316 రకం అడగండి, పడవల సామాను అమ్మే షాపుల్లో ఉంటుంది. దొరక్కపోతే 304తో సర్దుకోవచ్చు, కాస్త గోధుమ రంగు మచ్చలు వస్తాయంతే. ప్రతి స్క్రూకీ ముందు డ్రిల్లుతో సన్న రంధ్రం వేసి, స్క్రూ మరకు కాస్త బట్టల సబ్బు రాయండి. అమెరికా ప్లాన్లలో రంధ్రం మాట ఉండదు చాలాసార్లు, ఎందుకంటే వాళ్లు వాడే సెడార్, పైన్ మెత్తని కలపలు. ఎండిన పాత టేకు అలా కాదు, చివర్లలో రంధ్రం లేకుండా స్క్రూ ఎక్కిస్తే పలక నిలువునా చీలుతుంది. జిగురు వాడితే వాటర్‌ప్రూఫ్ రకమే వాడండి.

పూత గురించి అందరూ మూడు పేజీలు రాస్తారు. టేకుకి అంత అక్కర్లేదు. వార్నిష్ వేస్తే మేడ మీద ఎండకు ఏడాదిలో పొక్కులు లేచి, గోకి మళ్లీ వేసుకోవాలి. నూనె రకం పూత ఏడాదికోసారి గుడ్డతో రుద్దుకోండి, లేదా వదిలేస్తే బూడిద రంగుకు తిరుగుతుంది, కలపకేమీ కాదు. కాళ్ల అడుగులు మాత్రం తప్పకుండా ఎపాక్సీ జిగురుతో మూయండి. మేడ మీద నిలిచిన నీళ్లను కాళ్లు అడుగు నుంచే పీల్చుకుంటాయి.

ఇంకొక్క మాట. టేకు మీద రంపం పెట్టే ముందు ఈ కొలతలతో ఒక నమూనా చేయండి. పార్సిళ్ల పెట్టెల చెక్క, పాత ప్లైవుడ్ ముక్కలు, ఏదైనా సరే. అందం అక్కర్లేదు, స్క్రూలు బిగిస్తే చాలు. ఆదివారం మధ్యాహ్నం పని. నాన్నగారిని అందులో అరగంట కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మీరు లోపలికి వెళ్లిపోండి. ఎదురుగా నిలబడి "ఎలా ఉంది?" అని అడిగితే కొడుకు కష్టపడ్డాడని బాగుందనే అంటారు. ఏ గదిలోంచైనా గమనించండి. మాటిమాటికీ ముందుకు జరిగి కూర్చుంటుంటే లోతు ఎక్కువైంది. మెడ కింద చెయ్యి పెట్టుకుంటే వీపు పొట్టిది. లేచేటప్పుడు ఒకసారి ఊగి లేస్తే ముందు అంచు ఇంకో అరంగుళం ఎత్తాలి.

అసలు కుర్చీలో వెనక కాళ్లను కావలసినదానికంటే ముప్పావంగుళం పొడవు ఉంచి బిగించండి. నాన్నగారు కూర్చున్నాక, ఒక్కో పావంగుళం కోసుకుంటూ వాలు సరిచేయొచ్చు. కోసిన ముక్కను మళ్లీ అతికించలేం, అందుకని రంపం తీసుకునే ముందు ఆయన్ను ఇంకోసారి కూర్చోబెట్టండి. ఎపాక్సీ ఆ కోతలన్నీ అయ్యాకే.